బ్లీచింగ్ చల్లిన అడవి

మన దగ్గర ఒక పెద్దమనిషి ఎక్కడికైనా వస్తున్నాడంటే, ఆయనకంటే ముందు అక్కడికి చేరేది బ్లీచింగ్ పౌడరు. ఆసుపత్రి కానివ్వండి, బడి కానివ్వండి, వరదకు మునిగిన ఊరు కానివ్వండి, దారికి అటూ ఇటూ తెల్లటి గీత పడ్డాకే పెద్దకారు లోపలికి వస్తుంది. ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఎందుకు మొదలైందని అడిగినవాళ్లూ లేరు. దాన్ని సముద్రం దాటించి ఆఫ్రికా అడవిదాకా తీసుకెళ్లిన ఘనత మాత్రం మా మండలిదే. ఆ గీత గీసిన చెయ్యి నాదే కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా మండలి పూర్తి పేరు కీటక వనరుల అధ్యయన మండలి. అందులో నేను సూపరింటెండెంటును, పేరు పానకాలరావు, ఊరు తెనాలి. ఆఫ్రికాలో దక్షిణం వైపున్న ఒక దేశం తన అడవిలో కొంత చోటు మా మండలికి పరిశోధన కోసం ఇచ్చింది. ఆ దేశం పేరు చెప్పను. రెండు ప్రభుత్వాల మధ్య స్నేహం ప్రస్తుతం బాగానే ఉంది, అది నా నోటివల్ల చెడిపోవడం నాకిష్టం లేదు. అక్కడ కొన్ని గుడారాలు, ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్లట్యాంకు పెట్టుకుని ‘పేడపురుగుల పరిశీలనా కేంద్రం’ అని బోర్డు కట్టాం. బోర్డును ఏనుగులు పడగొట్టాయి. మళ్లీ కట్టాం, మళ్లీ పడగొట్టాయి. ఆ తర్వాత ఏనుగుల అభిప్రాయాన్ని గౌరవించాం.

పరిశీలించేది నేను కాదు, డాక్టర్ బెండి హైమవతి. సోంపేట వైపు మనిషి, ముప్పైఅయిదు దాటి ఉంటాయి. ఆమె పరిశీలిస్తున్నదని హైదరాబాదుకు తెలియజేయడం నా పని. మొదట్లో నాకు ఈ ఉద్యోగం నామోషీగానే ఉండేది. పేడపురుగుల దగ్గర పని చేస్తున్నానని మా వియ్యంకుడికి చెప్పలేక వన్యప్రాణి విభాగం అని చెప్పాను. ఆయన పులులనుకున్నాడు, నేను కాదనలేదు.

ఒకరోజు హైమవతి పక్కన గొంతుక్కూర్చుని చూశాక నా మనసు మారింది. ఏనుగు పేడ వేసి అటు కదిలిందో లేదో, ఇవి ఎక్కడినుంచో జుయ్యిమంటూ వచ్చి వాలతాయి. ఒక్కొక్కటీ తనకు కావలసినంత పేడ కోసుకుని, ముందుకాళ్లతో తట్టి తట్టి గుండ్రటి ఉండ చేస్తుంది. ఉండ మీదికెక్కి తన చుట్టూ తాను ఒకసారి తిరిగి, సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకుంటుంది. తర్వాత దిగి, తలకిందులుగా నిలబడి, వెనకకాళ్లతో ఉండను తోసుకుంటూ ఒకటే తిన్నగా పోతుంది. దారిలో పుల్ల అడ్డమొచ్చినా, రాయి అడ్డమొచ్చినా, సూపరింటెండెంటు చెప్పు అడ్డమొచ్చినా ఎక్కి దిగుతుందేగాని పక్కకు తిరగదు. అలా దూరంగా పోయి ఉండతోసహా నేలలోకి దిగి, అందులో గుడ్డు పెడుతుంది. ఇంత శ్రద్ధగా పని చేసే ప్రాణిని నా ముప్పైఏళ్ల సర్వీసులో ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఈ వానల్లో పాతిన ఉండల్లోంచి వచ్చే ఏడు తొలి వానకు పిల్లపురుగులు పైకి వస్తాయి. అవి రావడం కళ్లతో చూస్తేగాని హైమవతి ఇన్నేళ్ల పని ఒక కొలిక్కి రాదు. కేంద్రం గడువేమో ఈ వానలతో అయిపోతోంది. పొడిగించాలంటే మండలి అధ్యక్షులు తిప్పారెడ్డి గారు సంతకం పెట్టాలి. ఆయన పెద్దవయసు మనిషి, అనంతపురం జిల్లావారు. ఫైలు మీద ఒకే ఒక్క వాక్యం రాసి పంపారు, తాను స్వయంగా పోయి పురుగు ఉండను దొర్లించడం చూసి చెబుతానని.

హైమవతికి ఆనందం పట్టలేదు.

“ఇంకేటి సార్, మన పని అయినట్టే. రోజూ వందలు దొర్లిస్తన్నాయి కదేటి. ఆయనొచ్చి బాట పక్కన కుర్చీ వేసుకుని కూకుంటే సాలు. ఒక్కటి, ఒక్క ఉండ దొర్లిస్తే సాలు” అంది.

నాకూ అదే అనిపించింది. అధ్యక్షులవారు వస్తే ముందు ఏర్పాట్లు వస్తాయన్న సంగతి ఆ సంతోషంలో ఇద్దరం మరిచిపోయాం.

ఏర్పాట్లు సంయుక్త సంచాలకులు చిదానందం గారి రూపంలో వారం ముందే వచ్చాయి. ఆయన సన్నగా పొడుగ్గా ఉంటారు, మాట్లాడితే ఆఫీసు ఉత్తర్వు చదువుతున్నట్టుంటుంది. అక్కడి బ్లీచింగ్ నాణ్యత మీద నమ్మకం లేక హైదరాబాదునుంచి సూటుకేసు నిండా పౌడరు తెచ్చారు. తెల్లపొడి చూసి విమానాశ్రయంలో ఆపేశారట. దాని ఉపయోగం గురించి ఈయన వాళ్లకు వివరంగా చెప్పడం మొదలుపెట్టారట. కాసేపటికి వాళ్లే సూటుకేసు మోసుకొచ్చి కారులో పెట్టారట.

జీపు దిగి బాట మీద అడుగు పెడుతూనే ఆగిపోయారు. ఎదురుగా ఏనుగు పేడ కుప్ప, దాని మీద కిటకిటలాడుతూ మా పురుగులు.

“ఇది ఏమిటి?”

“ఏనుగు పేడ సార్” అన్నాను.

“దీనికి బాధ్యులెవరు?”

“ఏనుగు సార్.”

“నేను అడుగుతున్నది దీనిని తొలగించవలసిన బాధ్యత ఎవరికి అప్పగించబడినది అని.”

హైమవతి గబగబా ముందుకొచ్చింది. “తియ్యొద్దు సార్. పేడుంటేనే పురుగులొస్తాయి. చూడండి, ఆ మూలది అప్పుడే ఉండ చేసేసింది, ఎంత ముచ్చటగుందో!”

చిదానందం గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే శాంతంగా జవాబు చెప్పారు. “డాక్టర్ గారూ, అధ్యక్షులవారు తిలకించుటకు విచ్చేయుచున్నది పురుగును. పేడను కాదు. కార్యక్రమ పత్రంలో పేడ అను మాట ఎక్కడైనా ఉన్నదా? పానకాలరావు, ఉన్నదా?”

పత్రం టైపు చేసింది నేనే. లేదు. హైదరాబాదు పంపే కాగితంలో ఆ మాట బాగుండదని నేనే తీసేశాను.

మర్నాటినుంచి పారిశుద్ధ్యం మొదలైంది. బాట పొడవునా, గుడారాల చుట్టూ, నీళ్లట్యాంకు దగ్గర ఉన్న పేడంతా ఎత్తించి దూరంగా గుంట తీసి పూడ్పించారు. ఆ తర్వాత నేను ముగ్గులో చెయ్యి పెట్టినట్టు పౌడరులో చెయ్యి పెట్టి, వంగి, బాటకు అటొక గీతా ఇటొక గీతా పోసుకుంటూ వెళ్లాను. నా వెనక తుపాకి పట్టుకుని టెబోహో నడిచాడు. టెబోహో అక్కడి అటవీశాఖ మాకిచ్చిన కాపలా మనిషి. సింహాలు తిరిగే చోటు కాబట్టి ఎవరు గుడారాలు దాటినా వెంట అతను ఉండాలని నియమం. ఇద్దరిదీ అంతంతమాత్రం ఇంగ్లీషు గనక మాకు బాగా పొసగేది.

“ఈ గీత దేనికి? సింహాలు రాకుండానా?” అని అడిగాడు.

“కాదు, అధికారి రావడానికి” అన్నాను.

సాయంత్రానికి ఏనుగులు నీళ్లకు పోతూ అదే బాటన వచ్చి, గీతలు తొక్కి, ఎప్పుడూ చేసేదే చేసి వెళ్లాయి. చిదానందం గారు దీన్ని శాంతిభద్రతల సమస్యగా తీసుకున్నారు. అధ్యక్షులవారి పర్యటన ముగిసేదాకా ఏనుగుల రాకపోకలను ప్రత్యామ్నాయ మార్గంలోకి మళ్లించాలని ఆదేశించారు. డబ్బాలు వాయించాం, టైర్లు కాల్చాం, మలుపు దగ్గర బాణం గుర్తు కూడా పెట్టాం. ఏనుగులు బాణం చూసి వెళ్లాయో, డబ్బాల మోతకు విసిగి వెళ్లాయో చెప్పలేను గాని మొత్తానికి ఏటి అవతలికి వెళ్లిపోయాయి. వాటి వెంట దున్నలూ, జీబ్రాలూ పోయాయి.

రెండు రోజులు గడిచేసరికి మా కేంద్రం కొత్తగా కట్టిన కలెక్టరాఫీసులా మెరిసిపోతోంది. పేడ లేదు. ఈగ లేదు. వెతికినా ఒక్క పేడపురుగు లేదు.

హైమవతి పొద్దున్నే టోపీ పెట్టుకుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే తెల్లగీత పక్కన కూర్చుంది. ఎదురుగా చూడటానికేమీ లేదు. అయినా మధ్యాహ్నందాకా అలాగే కూర్చుంది. నేను గీత గీసిన చేతిని వెనక్కి దాచుకుని ఆఫీసులోకి వెళ్లిపోయాను.

చిదానందం గారు సమీక్షా సమావేశం పెట్టారు. హాజరైనది మేమిద్దరం.

“పురుగుల గైర్హాజరుకు కారణమేమి?”

“పేడ తీసీసారు సార్. బ్లీచింగు జల్లీసారు. ఏనుగుల్ని తోలీసారు. ఇంక అవేటి చూసి వస్తాయి?” అంది హైమవతి.

“అవి మౌలిక ఏర్పాట్లు. హాజరు వేరు, ఏర్పాట్లు వేరు.” ఆయన కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. “నేను జిల్లాలలో పని చేసిన కాలమున ఒక్కొక్క సభకు లక్షమందిని తరలించిన అనుభవము గలవాడను. వారును తమంతట తాము వచ్చినవారు కారు. సమీకరించవలెను.”

అలా పేడపురుగుల సమీకరణ మొదలైంది. హైమవతి మొదట ఒప్పుకోలేదు. తర్వాత, ఏమీ లేనిదానికంటే ఇదే నయమనుకుని తనే జీపెక్కింది. ఏటి అవతలికి పోయి, మా ఏనుగులు వెళ్లినచోటే వెతికి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెల్లో పురుగులను పట్టుకొచ్చింది. ఒక్కో పెట్టెకు ఒక్కో బాధ్యుణ్ణి నియమించాలన్నారు చిదానందం గారు. మనుషులు చాలక అన్ని పెట్టెలకూ నన్నే నియమించారు.

“సభాస్థలిలో కొంచెమైనా తాజా పేడుండాల సార్. లేకపోతే ఉండ దేంతో చేస్తాయి?” అని ఆమె మళ్లీ బతిమాలింది.

ఆయన చాలాసేపు తర్జనభర్జన పడి, పరిమిత పరిమాణంలో, స్టీలు ట్రేలో, పైన తెల్లగుడ్డ కప్పి ఉంచడానికి అనుమతించారు. ఆ రాయితీకి హైమవతి దణ్ణం పెట్టినంత పని చేసింది.

అధ్యక్షులవారు వచ్చే రోజు ఉదయం పాత టాయిలెట్టును కూడా పడగొట్టించారు, అది వారి హోదాకు తగదని. పక్కనే పలకలు పరిచిన కొత్తది తయారైంది. దానికి గులాబిరంగు రిబ్బను కట్టి, గోడకు శిలాఫలకం బిగించి, తాళం వేసి, తాళంచెవి చిదానందం గారు జేబులో వేసుకున్నారు. వందన సమర్పణ తర్వాత అధ్యక్షులవారు దాన్ని ప్రారంభిస్తారని కార్యక్రమ పత్రంలో ఉంది.

తిప్పారెడ్డి గారు మధ్యాహ్నం వచ్చారు. భారీ మనిషి, తెల్లపంచె, చేతికర్ర. దిగీదిగగానే “యాడమ్మా మీ పురుగు?” అన్నారు. పురుగుకంటే ముందు స్వాగతం ఉంది, స్వాగతం తర్వాత భోజనం ఉంది. చిదానందం గారు సూటుకేసులో బ్లీచింగు పక్కనే గోంగూర పచ్చడి సీసాలు కూడా తెచ్చారు. రెండు రోజులుగా విమానం తిండి తిన్న మనిషి, పైగా పెద్దాయన, ఆ గోంగూర చూసి నిగ్రహం కోల్పోయారు. వేడన్నంలో నెయ్యేసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ మారు మీద మారు వడ్డించుకున్నారు.

తర్వాత షామియానా కింద ప్రదర్శన. తివాచీ పరిచారు. దాని మధ్య ట్రే పెట్టారు. నేను తెల్లగుడ్డ తీశాను. ఘాటుగా ఫినాయిలు వాసన కొట్టింది.

హైమవతి ముఖం పాలిపోయింది. “ఇదేటి సార్?”

“అభ్యంతరకర వాసన నివారణ నిమిత్తము చివరిక్షణమున శుద్ధి చేయించితిని” అన్నారు చిదానందం గారు మెల్లగా.

పెట్టెలు తెరిచాను. పురుగులు బయటికొచ్చాయి. ఒకటి ట్రేదాకా పోయి, మీసాలు ఆడించి, వచ్చినదానికంటే జోరుగా వెనక్కి తిరిగింది. కొన్ని తివాచీని తవ్వడానికి చూశాయి. కొన్ని రెక్కలు విప్పి ఏటి వైపు ఎగిరిపోయాయి. ఒకే ఒక్కటి మాత్రం మిగిలి, అధ్యక్షులవారి కుర్చీ చుట్టూ గుండ్రంగా తిరగసాగింది.

“సూర్యుడు కనబడక దారి తప్పింది సార్. షామియానా తీసీస్తే...” అంటోంది హైమవతి.

“అధ్యక్షులవారికి ఎండ తగులును” అని ఆమెను ఆపి, చిదానందం గారు మైకు అందుకున్నారు. “ఈ కీటకము తన సహజ భక్తిభావముతో అధ్యక్షులవారికి ప్రదక్షిణము చేయుచున్నది.”

“ప్రదక్షిణాలు గుళ్లో జూస్తాలే నాయనా. ఉండ యాడుంది?” అన్నారు తిప్పారెడ్డి గారు.

ఆయన హైమవతి వైపు తిరిగారు. మనిషిలో కోపం లేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

“సూడమ్మా, నువ్వు కష్టపడినావని తెలస్తాండాది. నేను మాత్రం జూడనిది జూసినానని రాసేవాణ్ణి గాదు. పొద్దుగూకేలోపు నా బండి పోతాది. ఒకటన్నా సూపిస్తే సంతకం పెడతా. లేకుంటే ఈ గుడారాలు పీకిచ్చి మీరంతా ఇంటికి రాండి.”

హైమవతి తలూపింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే టోపీ ముందుకు లాక్కుంది. చిదానందం గారు ఏమాత్రం చలించకుండా మండలి ఆవిర్భావ వికాసాలు అన్న ప్రసంగం మొదలుపెట్టారు. అందులో ఆవిర్భావమే సగం పూట పడుతుందని నాకు తెలుసు.

ఆవిర్భావం మధ్యలో ఉండగా తిప్పారెడ్డి గారు కుర్చీలో ఒకసారి అటు కదిలారు. ఒకసారి ఇటు కదిలారు. తర్వాత నన్ను వేలితో దగ్గరికి పిలిచి, చెవిలో అడిగారు.

“ఏం నాయనా, పక్కకు పొయ్యేదానికి యాడుంది?”

నేను రిబ్బను వైపు చూపించి, అది వందన సమర్పణ తర్వాత అని చెప్పాను. తాళంచెవి మైకు దగ్గరున్నవారి జేబులో ఉందనీ, కావాలంటే ప్రసంగం ఆపి కార్యక్రమాన్ని ముందుకు జరపవచ్చనీ, కత్తెర, పళ్లెం, ఫొటో తీసే మనిషి సిద్ధంగానే ఉన్నారనీ కూడా మనవి చేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “రిబ్బను కత్తిరిచ్చి, ఫొటో దిగి, సప్పట్లు కొట్టిచ్చుకోని లోపలికి పొయ్యే ఓపిక నాకు లేదు. సెంబు తే.”

చెంబు లేదు, బాటిల్ ఉంది. బాటిలు పట్టుకుని ఆయన వెనక నేను, నా వెనక తుపాకితో టెబోహో, షామియానా వెనకనుంచి జారుకున్నాం. తెల్లగీతలు దాటి, గడ్డి దాటి, ఒక పెద్ద చెదపుట్ట చాటుకు ఆయన వెళ్లారు. టెబోహో నియమం ప్రకారం కనుచూపు మేరలో నిలబడి, మర్యాద ప్రకారం వీపు తిప్పాడు. నేను బాటిలు అందించి అతని పక్కనే వీపు తిప్పాను. దూరంగా మైకులో ఆవిర్భావం సాగుతూనే ఉంది.

ఆయన ఎంతకీ రాలేదు. నాకు గాభరా పుట్టింది. గోంగూర ప్రభావం ఇంత తీవ్రంగా ఉందా, లేక సింహమా అని టెబోహో వైపు చూశాను. సింహమైతే అరుపు వినబడేదని అతను ధైర్యం చెప్పాడు. అప్పుడే పుట్ట వెనకనుంచి అరుపు వినబడింది.

“ఓయ్ సూపరింటెండెంటూ! ఉరికి పోయి ఆ పాపను పిల్చుకోని రా! బిన్నా!”

పరిగెత్తాను. హైమవతిని తీసుకొచ్చేసరికి తిప్పారెడ్డి గారు పంచె సర్దుకుని, నాలుగడుగులు పక్కకు జరిగి, కర్ర ఊతంగా నేల మీద చతికిలబడి ఉన్నారు. ఆయన చూపంతా ఎదురుగా ఉన్న నేల మీదే ఉంది. నేల నల్లగా కదులుతోంది.

ఆకాశంలోంచి జుయ్యిమంటూ ఇంకా వస్తూనే ఉన్నాయి. వారం రోజులుగా ఈ చుట్టుపక్కల వాటి నోటికి మెతుకు లేదు. అధ్యక్షులవారి పుణ్యాన దొరికింది.

“మనిషిది వీటికి బాగా ఇష్టం సార్. ఎంతో దూరంనుంచి వాసన పట్టీసి వస్తాయి” అంది హైమవతి. ముఖంలో చిన్న ముడత కూడా లేదు. ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

“నేను లేసి నిలబడేలోపే వచ్చేసినాయి గదమ్మా. పంచె పట్టుకోని అట్లే నిలబడిపోతిని. అదిగో, ఆ ఎర్రగుండేది సూడు, యట్ల సుడతాండాదో! మా అమ్మ రాగిసంగటి ముద్ద అట్లనే సుట్టేది.”

ఉండ తయారైంది. పురుగు దాని మీదికెక్కింది.

“ఇప్పుడేం జేస్తాది?”

“ఎండ చూసుకుంటాది సార్. దిక్కు చూసుకుని, ఇంక మరి వెనక్కి చూడదు.”

అది గిర్రున తిరిగి, దిగి, తలకిందులై తోసింది. ఉండ కదిలింది. తిప్పారెడ్డి గారు చిన్నపిల్లాడిలా తొడ చరుచుకున్నారు. కొంత దూరం పోయాక ఇంకో పురుగు అడ్డంగా వచ్చి ఉండ మీదికెక్కి కూర్చుంది.

“వాడెవడు? ఏం పని వానికి?”

“అది సొంతంగా చెయ్యదు సార్. ఎవరైనా చేసింది కొట్టీస్తాది.”

“మా కాడ గూడా ఉండార్లే” అని ఆయన కర్ర ఎత్తారు.

“ముట్టుకోకండి సార్. మనం చూడాల, అంతే” అంది హైమవతి. అధ్యక్షులవారు కర్ర దించారు. మండలి చరిత్రలో అధ్యక్షులవారు ఒకరి మాట విని ఆగడం అదే మొదటిసారి అనుకుంటాను. రెండు పురుగులూ కలబడ్డాయి. మొదటిది గెలిచి, ఉండను వెనక్కి తెచ్చుకుని, మళ్లీ దాని మీదికెక్కి దిక్కు చూసుకుని, తిన్నగా పోయి మెత్తటి మట్టిలోకి దిగడం మొదలుపెట్టింది. పూర్తిగా దిగేదాకా నలుగురం ఊపిరి బిగబట్టి చూశాం. టెబోహో కూడా ఎప్పుడో ఇటు తిరిగాడు.

తిరిగి వచ్చేసరికి చిదానందం గారు వికాసంలోకి ప్రవేశించారు. ఖాళీ కుర్చీని ఉద్దేశించే మాట్లాడుతున్నారు. తిప్పారెడ్డి గారు మైకు తీసుకున్నారు.

“జూసినాను. కండ్లారా జూసినాను. వచ్చే వానలకు పిల్లలు వచ్చేదాకా ఈ కేంద్రం ఈడనే ఉంటాది.” అక్కడే సంతకం పెట్టారు. హైమవతి నవ్వుతూ ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, ఫినాయిలు అని సర్దుకున్నాను.

చిదానందం గారు తన ఏర్పాట్లు ఫలించినందుకు పొంగిపోయారు. నివేదిక కోసం కలం తీశారు. “పరిశీలన జరిగిన స్థలము, పేడ యొక్క మూలము సెలవిత్తురా?”

అధ్యక్షులవారు షామియానా పైకప్పు చూశారు. హైమవతి నేల చూసింది. ఇలాంటి సమయాల కోసమే ప్రభుత్వం సూపరింటెండెంట్లను పోషిస్తుంది. “అధ్యక్షులవారు స్వయంగా సమకూర్చిన వనరుతో, క్షేత్రస్థాయిలో అని రాద్దాం సార్” అన్నాను.

ఆ వాక్యం అందరికీ నచ్చింది. తర్వాతి సమావేశంలో, అధ్యక్షులవారు సొంతంగా వనరు సమకూర్చి విజ్ఞానశాస్త్రానికి చేసిన సేవను మండలి ఏకగ్రీవంగా కొనియాడింది. మిగతా సభ్యులు కూడా వారిని ఆదర్శంగా తీసుకోవాలని తీర్మానించింది.

అసలు సంగతి చిదానందం గారికి టెబోహో ద్వారా తెలిసింది. ఆయన నవ్వలేదు. ఒక రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే నన్ను పిలిచారు. ప్రయోగం విజయవంతమైనందున అదే నమూనాను కొనసాగించాలన్నారు, దాని పర్యవేక్షణకు తానూ అక్కడే ఉండిపోయారు. ఆ నమూనాలో బ్లీచింగు ఉంది, షామియానా ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా ప్రారంభం కాని టాయిలెట్టు ఉంది. పరిశోధన ముగిసేదాకా ఆ రిబ్బను కత్తిరించరాదని ఉత్తర్వు వచ్చింది. ఏనుగులను వెనక్కి రానిమ్మని హైమవతి అడిగితే, అది తన పరిధిలోనిది కాదని చెప్పి, బాణం గుర్తు మాత్రం తీయించారు. ఏనుగులు వాటంతటవే వచ్చాయి. మా ఉపాధ్యక్షులు కూడా పర్యటనకు వస్తున్నారని తెలిసినప్పుడు చిదానందం గారు అడిగిన మొదటి ప్రశ్న, వారికి గోంగూర పడుతుందా అని.

మరుసటి ఏడు తొలివాన పడ్డ రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. అధ్యక్షులవారు. చిదానందం గారు లేచి నిలబడి మాట్లాడారు, మర్యాదకు నేనూ నిలబడ్డాను. ఆయన మాతో మాట్లాడటానికి చెయ్యలేదు.

“ఆ పాపకియ్యి.”

హైమవతి చెదపుట్ట వెనకనుంచి పరిగెత్తుకొచ్చింది. తలనుంచి నీళ్లు కారుతున్నాయి, మోకాళ్లదాకా బురద. ఫోను అందుకుని ఆయన ఏమీ అడక్కముందే చెప్పేసింది.

“వచ్చీసింది సార్! ఇప్పుడే, నా కళ్ల ముందే మట్టి తోసుకుని పైకి వచ్చింది! అదే, మీరు చూసిన చోటే సార్!”

ఫోను గట్టిగా మాట్లాడే రకం కాబట్టి అవతలి మాట గదిలో అందరికీ వినబడింది.

“మొగబిడ్డా, ఆడబిడ్డా?”

హైమవతి ఒక్క క్షణం తడబడి, కళ్లు తుడుచుకుని, శాస్త్రవేత్తలాగే జవాబు చెప్పింది.

“ఆడబిడ్డ సార్.”

“మా లచ్చిమి” అన్నారు తిప్పారెడ్డి గారు. “ఆ చిదానందానికి చెప్పు, బిడ్డ కాడికి బ్లీచింగు తీస్కపోతే కాళ్లు ఇరగ్గొడతానని.”

చిదానందం గారు నిలబడే, చిత్తం అన్నారు.